రెండు డబ్బాల గోడ

తేలినీలాపురం బడి గోడ.
తలుపుకి ఇటు పక్క పిట్టలు,
అటు పక్క పాలిచ్చే జీవాలు వెయ్యమన్నారు.
పదకొండు డబ్బాలు. తెలుపు లెక్కలో లేదు,
అది సున్నం కొట్టిన గోడదే.
టెక్కలి నుంచి సైకిలు మీద మోసుకొచ్చింది దాలయ్య,
నా చెయ్యి కింద పనోడు, పదహారేళ్ళ గుంటడు.

ముందు జీవాలు మొదలెట్టాను.
ఉద్దానం జీడితోటల్లోంచి వచ్చే ఎలుగుబంటికి నలుపు.
నక్కకి మట్టిరంగు. ముంగిసకీ మట్టిరంగే.
పులికి అదే మట్టిరంగు పలచన చేసి, పైన నల్ల చారలు.
సీతంపేట కొండలు దిగొచ్చిన ఏనుక్కయితే
నల్ల బ్రష్షు కడిగిన నీళ్ళే సరిపోయాయి.
పొద్దుగూకి చూసుకుంటే
ఖర్చయినవి రెండే డబ్బాలు.
తొమ్మిదింటికి మూతే తియ్యలేదు.

"ఏటి మావా, దేవుడి మందలో
ఒక్క పచ్చమేకైనా నేదా?" అన్నాడు దాలయ్య.
"వెంట్రుకకి ఆ రెండే వచ్చురా" అంది కూర్మావతి టీచరు,
"ఎలుగుబంటికున్నదీ అదే, మీ మావ తలలో ఉన్నదీ అదే."
చెవి పక్కన నెరిసిన చోట తడుముకున్నాను.
నా డబ్బా అడుగంటుతోందన్నమాట.

మర్నాడు పిట్టలు.
మూతలన్నీ ఒక్కసారే లేచాయి.
వంగపండుకి పసుపు, చిలక్కి ఆకుపచ్చ,
చింతచెట్ల మీది ఎర్రకాళ్ళ కొంగకి
తోక దగ్గర ఇంత గులాబి.
"అది తిన్న తిండే ఈకలోకి ఎక్కుతుంది" అంది టీచరు.
తోటకూర తింటే రంగొస్తావని
మా అమ్మ చిన్నప్పుడు ఎన్ని ముద్దలు కుక్కిందో!
పాపం, నేను తలుపుకి అటు పక్క వాణ్ణని
ఆవిడకి ఎవరు చెప్తారు.

పాలపిట్ట దగ్గర చెయ్యి ఆగింది.
ఎంత కలిపినా ఆ నీలం రాదు.
రాలిన రెక్క ఈక ఒకటి తెచ్చిచ్చి
"నూరి చూడు" అంది టీచరు.
వంటచేసే సూరీడమ్మ సన్నికల్లు మీద నూరాను.
చిటికెడు పొడి.
మట్టిరంగు.

"నీలం అందులో ఎప్పుడూ లేదు.
ఈకలో కంటికానని గదులున్నాయి,
వెలుతురు లోపలికెళ్ళి నీలమై తిరిగొస్తుంది.
నువ్వు గదులు కూల్చేశావు."
ముప్పై ఏళ్ళు రంగు మీద బతికినవాణ్ణి,
ఆ పొడి పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాను.
ఎందుకో తెలీదు.

"ఎరుపందుకోరా" అంటే ఆకుపచ్చ అందించాడు దాలయ్య.
మూడోసారి.
కసిరాను.
"డబ్బా మీద అచ్చరాలు సెరిగిపోనాయి మావా,
నాకు రెండూ ఒకలాగే అవుపిస్తాయి."
రెండేళ్ళుగా నా పక్కనే ఉన్నాడు,
ఏ డబ్బాకి ఎక్కడ సొట్ట ఉందో గుర్తుపెట్టుకుని.

టీచరు వాడి పక్కన కూచుంది.
"కుక్కకీ అంతే, ఆవుకీ అంతే.
పులి గడ్డిలో దాక్కుంటే
జింకకి అదీ గడ్డిలాగే కనిపిస్తుంది."
"మరి పిట్టకో?"
"మనకంటే ఒక రంగు ఎక్కువే చూస్తుంది.
దానికి మన దగ్గర పేరు లేదు."

దాలయ్య చాలాసేపు బ్రష్షు కడిగాడు.
"అంటే, ఆ గూడబాతు ముందర
మావా నేనూ ఒకటేనా?"

నేనేమీ అనలేదు.
తలుపు మీద మిగిలిన జానెడు గోడ చూపించి
గబ్బిలం నువ్వే వెయ్యరా అన్నాను.
రెండు డబ్బాలే కావాలి, రెండూ వాడికి తెలుసు.
రెక్కలు విప్పి వేశాడు, ఈకలు లేకుండా.
రొమ్ముకి పిల్లని కరిపించాడు,
నేను చెప్పకుండానే.

తెల్లారేసరికి చిలక మీద
పెద్ద రెట్ట, గోడ పొడుగునా కారి.
గుడ్డ తడిపి తుడవబోతే
వాడు నా చెయ్యి పట్టుకున్నాడు:
"ఉండనీ మావా.
పన్నెండో డబ్బా అదేనేమో."